సేపని చేప చేసిన సమానత్వం

సమానత్వం వచ్చేసింది! ఎప్పుడొస్తుంది, ఎటు నుంచి వస్తుంది అని మీరింకా వ్యాసాలు రాసుకుంటున్నారేమో గానీ, మా ఆఫీసుకి మాత్రం ఒక సోమవారం పదకొండున్నరకి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేసింది. మూడు ప్రతులు. సంతకం పెట్టి తీసుకున్నవాణ్ణి నేనే.

నమ్మకపోతే ఇన్‌వార్డ్ రిజిస్టర్ చూసుకోండి. ‘ప్రభుత్వోద్యోగములలో సమానావకాశములు, వైవిధ్యము – సాధించిన ప్రగతి – నివేదిక కోరుట గురించి.’ పద్నాలుగు కాలమ్‌ల పట్టిక. పదిహేను రోజుల్లో నింపి పంపాలి. పంపకపోతే తీవ్రముగా పరిగణించబడును.

నా పేరు తారకేశ్వరరావు. పలాసకీ టెక్కలికీ మధ్య ఉన్న ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుని. ఏ ఆఫీసో చెప్పను. చెబితే మెమో వస్తుంది, ఆ మెమో టైపు చేయించాల్సింది నేనే. పత్రికలో ఈ కాలమ్ రాసుకోవడానికి అనుమతి కోరుతూ అర్జీ కూడా పెట్టుకున్నాను. దాని మీద నోటు పెట్టాల్సిన సెక్షన్ నాదే కాబట్టి ఏడు నెలలుగా పెండింగులో ఉంది.

ఆ కాగితం వచ్చిన పూటే నన్ను సమానావకాశాల నోడల్ ఆఫీసరుగా వేశారు. నోడల్ ఆఫీసరంటే తెలియనివారికి చెబుతున్నాను: అందరూ టీకి వెళ్లినప్పుడు సీట్లో దొరికిన మనిషి.

వైవిధ్యమా? మా దగ్గర దానికి కొదవేముంది! పదింటికి వచ్చేవారున్నారు, పన్నెండింటికి వచ్చేవారున్నారు, జీతం పడ్డ మర్నాడు మాత్రమే వచ్చేవారున్నారు. ఎవరి మీదా వివక్ష లేదు, అందరికీ ఒకటే హాజరు పట్టీ. ఉన్న నాలుగు ఫ్యాన్లలో మూడు మూడు వేగాల్లో తిరుగుతాయి. నాలుగోది తిరగదు. దాన్ని కూడా మేం తక్కువగా చూడం.

మహిళలకు మూడో వంతు ఉద్యోగాలే ఇమ్మన్నారు. మేం అంతటితో ఆగామా? పూలగుత్తులు అందించే పని నూటికి నూరు శాతం వాళ్లకే ఇచ్చాం! ప్రార్థన పాడటం, జెండా పండక్కి ముగ్గులెయ్యడం, రిటైరయ్యేవాళ్లకి శాలువా పళ్లెం పట్టుకు నిలబడటం... వీటి దగ్గరికి ఒక్క మగాణ్ణి రానిచ్చామేమో చూపించండి!

ఇక దివ్యాంగుల కోటాలో వచ్చిన కూర్మయ్య గారు. ఎడమ కాలు సరిగా రాదు. ఆయనకి మేడ మీద సీటిచ్చాం. కింద ఇస్తే ఆయన్ని వేరుగా చూసినట్టు కాదూ? అందరితో పాటే ఇరవై రెండు మెట్లూ ఎక్కుతారు. మేం అర నిమిషంలో ఎక్కేస్తాం, ఆయనకి పది నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన మెట్ల మీద ఆయనకే మాకంటే ఎక్కువ అవకాశం దొరుకుతోంది. ఇదీ నివేదికలో రాశాను.

ఇలా పదమూడు కాలమ్‌లు నవ్వుతూ నింపేశాను. పద్నాలుగో దాని దగ్గర పెన్ను ఆగింది. ‘వైవిధ్య వర్గముల నుండి వచ్చిన సిబ్బందికి ఇచ్చిన ప్రత్యేక శిక్షణ.’ శిక్షణా? మా ఆఫీసులో ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పరే! పక్కవాడికి పని వచ్చేస్తే మన సీటేం కాను?

అప్పుడు నాకు వనజ గుర్తొచ్చింది.

వనజ మా జూనియర్ అసిస్టెంటు. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరు. పూండి దాకా ఆటో, అక్కణ్ణుంచి బస్సు. ఆ ఊళ్లో సర్కారు ఉద్యోగం చేసిన మొదటి మనిషి, ఆడా మగా కలిపి. పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, రిజర్వేషన్ల రోస్టర్ పాయింటు ప్రకారం వచ్చింది. వచ్చిన కొత్తలో మేం ఆమెని పేరు పెట్టి పిలవలేదు లెండి. ‘పాయింటు వచ్చిందా? పాయింటుకి ఆ ఫైలివ్వు’ అనేవాళ్లం. పిలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. గట్టిగా పిలిచినవాళ్లలో ఉన్నాను.

ఆమెని కౌంటర్లో వేశాం. అంతకు ముందు ఆ సీట్లో ఉన్నతను గొప్ప భాషాభిమాని. ఒకసారి బొడ్డమ్మ అనే ముసలామె వచ్చింది, వనజ వాళ్ల పక్క ఊరు. ఆమె మొగుడికి కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానంలో ఇలాంటి ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. ఆయన పేరు గున్నయ్య. మా భాషాభిమానికి ఆ పేరు నచ్చలేదు. ‘గున్న అంటే ఏనుగు పిల్ల కదా, మనిషికెందుకుంటుంది? గుణయ్య అయ్యుంటుంది’ అని దిద్ది ఎక్కించాడు. ఆధార్‌లో గున్నయ్య, మా దగ్గర గుణయ్య. ఐదు నెలలు పింఛను ఆగిపోయింది. ఐదు నెలలూ బొడ్డమ్మ తిరిగింది, అతను ఆమె మాట అర్థం కావడం లేదన్నాడు.

వనజ కౌంటర్లో కూర్చున్న రెండో రోజున బొడ్డమ్మ మళ్లీ వచ్చింది. వనజ పింఛను కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

“మావ పేరు గున్నయ్యే కదప్పా, మరి ఇందులో ఈ గుణయ్యెవులు? నీకు తెలవకుండా ఇంకో మొగుడ్ని కట్టీసినారేటి?” అంది. బొడ్డమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఆఫీసులో ఆమె నవ్వడం అదే మొదలు. మూడు రోజుల్లో పేరు సరిపోయింది.

అప్పట్నుంచి ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ వనజ కౌంటర్ దగ్గరే. మిగతా రెండు కౌంటర్లలో వాళ్లకి గోళ్లు గిల్లుకునే పని. ఇది సమానత్వమా మరి? ఒకరి ముందు యాభై మంది, ఇంకొకరి ముందు ఈగలు!

అలా ఉండగా పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వనజ ఎత్తింది. “ఎవులండి మాటాడతన్నారు? సార్ సీట్లో నేరండి. వచ్చీసరికి అరగంటవుద్ది. ఏటి పనండి?” అంది. ఆయన తర్వాత నా సెల్‌కి చేసి, అది ఆఫీసా చేపల రేవా అని అడిగారు. నేను నవ్వాను. ఫోన్లో కనబడదని తెలిసినా చేతులు కూడా కట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఆమె రెండేళ్ల ప్రొబేషన్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. దాని మీద రాశాను: ‘ప్రజలతో మాట్లాడు భాష మెరుగుపడవలసియున్నందున ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించవచ్చును.’ పద్నాలుగో కాలమ్‌లో రాశాను: ‘భాషా శిక్షణ – కొనసాగుచున్నది.’ ఒక్క పూటలో రెండు కాగితాలు కదిలాయి! నా సర్వీసులో అంత వేగం ఎన్నడూ లేదు.

మర్నాడు వనజ నా ఎదురుగా నిలబడింది.

“సార్, పనిలో నాను ఏటైనా తప్పు సేసీనానా సార్?”

“లేదమ్మా, పని బాగుంది. రాత ఇంకా బాగుంది.” అది నిజమే. ఆమె పెట్టిన నోటుకి నేను కామా కూడా మార్చను.

“మరైతే ఎందుకాపీసినారు సార్? మా నాన్న ఈ ఉద్యోగం నమ్ముకునే పడవలో వాటా ఒగ్గీసినాడు. ఇది పోతే ఆ వాటా మల్లీ ఎవులిత్తారు సార్?”

“పోదమ్మా. చ పలికితే చాలు.”

అన్నాక నాకే కొంచెం సిగ్గేసింది. కానీ నోడల్ ఆఫీసరు సిగ్గుపడకూడదు, నివేదికలో ఆ కాలమ్ లేదు.

ఇంతకీ చ నేర్పడానికి నాకున్న అర్హత ఏమిటని మీరడగాలి. అడగండి! నేను పుట్టింది సుమ్మాదేవి పక్కన జీడితోటల ఊళ్లో. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా సూసేను, సెప్పేను, సదివేను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ‘సంతకం సేసీనానండి’ అంటే సెక్షనంతా బల్లలు చరిచి నవ్వింది. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, స కనిపిస్తే చ చేసి తీరాలని. ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తూనే ఉన్నాను.

ఒక్కటే చిక్కు. ఏ స ని చ చెయ్యాలో, ఏ స ని దాని మానాన వదిలెయ్యాలో నాకు కంగారులో తెలియదు. మామూలప్పుడు నెట్టుకొచ్చేస్తాను. పై అధికారి ఎదురుపడితే మాత్రం ఒక్క స కూడా ప్రాణాలతో బయటపడదు. ‘చార్, చంతకం చెయ్యండి చార్’ అంటాను. ఇరవై ఎనిమిదేళ్లుగా నా వెనక నవ్వుతున్నది దేనికో నాకు తెలుసు. తెలిసినా చ ఆగదు.

మా ఆవిడ నాగమణిది కాశీబుగ్గ. శిక్షణ సంగతి విని వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేసింది.

“మీరా? ఆ పిల్లకి మీరు మాటలు నేర్పుతన్నారా? మొన్న డాట్రు దగ్గర ‘చుగర్ ఉంది చార్’ అన్నారు. అదేటి జబ్బో తెలవక ఆ మహానుబావుడు పెన్ను మూసీసినాడు.”

“ఊరుకోయే, నీకు తెల్దు. ఆఫీసు సంగతులు వేరు,” అన్నాను.

“సూసేరా? ఇంట్లో సుబ్బరంగా మాటాడతారు. సెప్పులేసుకుని గడప దాటేరంటే మీరెవులో నాకే తెల్దు,” అంది. ఆ మాట మీద నేను ఇంకో ముద్ద తినలేకపోయాను గానీ, మజ్జిగ తాగాను.

శిక్షణ రోజూ మధ్యాహ్నం అరగంట. మొదటి పాఠంగా ఏ మాట పెట్టానో తెలుసా? చేప! ఇరవై ఆరేళ్లు చేపల మధ్య పెరిగిన మనిషికి, నాన్న చేపలు పట్టి చదివించిన మనిషికి, చేప అనడం నేర్పాను. ఉద్దానం చరిత్రలో ఇంత సాహసం ఎవరు చేశారు?

“చే... ప,” అన్నాను.

“సేప.”

“పళ్ల వెనక నాలుక పెట్టి అనమ్మా. చేప.”

“సార్, మా ఊర్లో వలలో పడ్డప్పుడు అది సేపే సార్. మీ బల్ల కాడికొచ్చీసరికి చేప అయిపోతన్నాది,” అంది వనజ.

నాకు నవ్వొచ్చింది. నవ్వితే శిక్షణ పాడవుతుందని దగ్గాను.

రెండు నెలలకి పై ఆఫీసులో సమానావకాశాల ప్రగతి సమీక్ష పెట్టారు. మా ఆఫీసు తరఫున నేను నివేదిక చదవాలి. పూలగుత్తికి ఆడమనిషి కావాలి కదా, వనజని తీసుకెళ్లాను. వేదిక మీద పెద్దసారు, ఆయన పక్కన ఇంకో నలుగురు పెద్దసార్లు, కింద జిల్లాలోని నోడల్ ఆఫీసర్లందరూ. మైకు నా ముందుకి వచ్చింది.

“గౌరవ చభకు నమచ్కారం. చమాన అవకాశాల చాధనలో మా చిబ్బంది చాధించిన...”

మొదటి వరుసలో ఎవరో కర్చీఫ్ తీశారు. రెండో వరుసకి అదీ లేదు. ‘చామాజిక చమతుల్యత’ దగ్గరికి వచ్చేసరికి హాలంతా ఊగిపోయింది. వేదిక మీది పెద్దసారు మాత్రం మర్యాదస్తుడు, పెదవి కొరుక్కుని అడిగారు.

“మీ యాస చాలా ప్రత్యేకంగా ఉందండీ. మీదే జిల్లా?”

పుట్టిన ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో నిలబడి నేనిచ్చిన జవాబు వినండి. “గోదావరి వైపు చార్.”

చప్పట్లు. మా ఆఫీసుకి ఉత్తమ కృషి ప్రశంసాపత్రం. భాషా శిక్షణ అనే కొత్త ఆలోచనకి ప్రత్యేక అభినందన. మిగతా ఆఫీసులు కూడా మమ్మల్ని చూసి నేర్చుకోవాలట!

ఆ హాల్లో నవ్వని మనిషి వనజ ఒక్కతే. పూలగుత్తి ఇచ్చేసిన ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. జాలిపడుతోందని తెలిసింది. ఎగతాళికి నాకు అలవాటుంది గానీ జాలికి లేదు.

తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూర్చుని, చాలాసేపటికి వెనక్కి తిరిగింది.

“సార్, మీది ఏ ఊరు సార్?”

“పలాస.”

“పలాసలో ఎక్కడ సార్?”

“పలాస అంటే... సుమ్మాదేవి దగ్గర.”

ఆమె ముఖం ఎలా విచ్చుకుందో! “మరైతే మీరూ మనోల్లే కదా సార్!”

అవునమ్మా, మనోల్లమే అనాలి నేను. నాలుగు అక్షరాల మాట. అందులో చ లేదు, స లేదు, భయపడాల్సింది ఏమీ లేదు. నేను జేబులోంచి టికెట్టు తీసి తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. వనజ ముందుకి తిరిగిపోయింది.

ఆ తర్వాత ఆమె నేర్చుకుంది చూడండి! ఉద్యోగ పరీక్షకి చదివినట్టు మొండిగా నేర్చుకుంది. నెల తిరిగేసరికి ‘చెప్పండి’, ‘చూస్తాను’, ‘దయచేసి వరుసలో నిలబడండి’. నాలాగా ఒక్క స ని కూడా తప్పుగా చంపలేదు. పై ఆఫీసు ఆయన మళ్లీ ఫోన్ చేసి, కొత్త అమ్మాయిని వేశారా, బాగా మాట్లాడుతోంది అన్నారు.

ఇంకో లాభం కూడా వచ్చింది. కౌంటర్ దగ్గర రద్దీ తగ్గింది. ఒడ్డు ఊళ్లవాళ్లు లోపలికి వచ్చి, ఆ మాట విని, వరండాలోకి వెళ్లి గుసగుసలాడుకుని, బస్సెక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. మూడు కౌంటర్ల ముందూ ఇప్పుడు ఈగలు సమానంగా ఉన్నాయి.

పోయిన గురువారం పొడిగించిన ఆరు నెలలూ పూర్తయ్యాయి. వనజ ప్రొబేషన్ ఫైలు నా ముందు తెరిచి ఉంది. ఆమె కౌంటర్లో ఉంది, నేను ఆమె వెనక బల్ల దగ్గర ఉన్నాను. ఆఖరి పరిశీలన చేసి సంతకం పెడతానని పొద్దున్నే చెప్పాను.

బొడ్డమ్మ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో గున్నయ్య ఆసుపత్రి కాగితాలు. ఆమెకి రెండు కళ్లలోనూ పొరలు. మా కౌంటర్‌కి మరకల అద్దం, అద్దానికి చెయ్యి పట్టేంత కన్నం. అవతల ఉన్న మనిషి ఆమెకి నీడలాగా తప్ప కనబడదు.

“చెప్పండమ్మా, మీ సమస్య ఏమిటి?” అంది వనజ.

కన్నంలో పెట్టిన కవరు వెనక్కి పోయింది.

“మీకు నాను సెప్పలేను గానమ్మా... ఇక్కడ మా పిల్లొకర్తి ఉండీది. వనజని. దానికైతే నాను ఏటి సెప్పినా తెలుత్తాది. అది నేదేటమ్మా? బదిలీ అయిపోనాదా?”

వనజ వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. అడుగుతోంది, అంతే. నేను తలెత్తి ఒక్క సైగ చేస్తే చాలు. నేను ఫైలు వైపు చూశాను.

“అవునమ్మా. బదిలీ అయింది,” అంది వనజ.

“ఏ ఊరు తల్లీ?”

“చాలా దూరమమ్మా.” ఆమె కన్నంలోంచి చెయ్యి చాచింది. “కాగితాలు నాకివ్వండి. నేను చూస్తాను.”

“వొద్దులే తల్లీ, మీకెందుకు సెమ. అదెక్కడుందో కనుక్కుని దాని కాడికే ఎల్తాను. ఎక్కడున్నా సల్లగుండాల, నా మొగుడి పేరు నాకు తెచ్చిచ్చిన పిల్ల.”

వరండా మెట్ల గోడ పట్టుకుని దిగింది బొడ్డమ్మ. లేచి పిలవాలి నేను. ‘ఓలప్పా, ఇలగ రాయే, కూకో’ అని. నాకు ఆ మాటలు వచ్చు. పుట్టుకతో వచ్చు. నోరు తెరిచాను కూడా. ఆఫీసు నిండా మనుషులు ఉన్నారు. మూసేశాను.

కాసేపటికి వనజ లేచి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఇప్పుడు సరిగ్గా మాట్లాడానా, సార్?”

ఫైలు మీద ‘భాష సంతృప్తికరము, ప్రొబేషన్ పూర్తయినట్టు ప్రకటించవచ్చును’ అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం కాదు పాఠకుల్లారా, ఆమె మాటలో ఒక్క తప్పు కూడా లేదు. ఒక్కటైనా దొరుకుతుందేమోనని నేనెంత ఆశగా విన్నానో!